పొదిలి దాటాక ఎండతోనే లెక్క

ఒంగోలు నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద పోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది దూరమెంత అని. చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా దాదాపు 175 కిలోమీటర్లు. ఆ తర్వాత అడిగేది ఘాటు రోడ్డు ఎంత నిటారుగా ఉంటుందని. ఈ రెండూ తెలుసుకున్నా ఆ రోజు ఎలా గడుస్తుందో తెలియదు. పొదిలి ఎన్నింటికి దాటుతారు? ఎక్కుడు మొదలయ్యేసరికి పొద్దు ఎంత ఎత్తున ఉంటుంది? గాలి ఎటు నుంచి కొడుతుంది? ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎన్ని నీళ్లు తాగాల్సి వస్తుంది? ఉమ్మడి ప్రకాశం పడమటి మెట్టల్లో గాని, నెల్లూరు జిల్లా ఉదయగిరి, మర్రిపాడు వైపు గాని దూరం తొక్కడం ఈ నాలుగు లెక్కల మీదే నడుస్తుంది.

శివరాత్రి దాటిన దగ్గర్నుంచి తొలకరి బాగా పడేదాకా ఈ ప్రాంతంలో పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా సైకిల్ తొక్కకూడదు. తగ్గించి తొక్కడం, జాగ్రత్తగా తొక్కడం కూడా వద్దు, దిగి నీడన కూర్చోవాలి. దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఎండకు ఒళ్లు అలవాటు పడాలి కదా అని ఒకటి, అంతసేపు ఆగితే టైము చాలదని ఇంకొకటి. మొదటిదాంట్లో కొంత నిజముంది. రెండోది లెక్క వేసి చూస్తే నిలవదు.

ముందు ఒంట్లో పుట్టే వేడి సంగతి చూద్దాం. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడలుకు చేరేది నాలుగో వంతు కూడా ఉండదు, మిగిలిందంతా వేడే. మధ్యస్థంగా తొక్కేవాడు పెడలు మీద 150 వాట్లు పెడుతుంటే ఒంట్లో 500 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 670 వాట్-గంటల వేడి పోతుంది. అంటే ఒంట్లో పుట్టిన వేడిని వదిలించుకోవడానికే గంటకు ముప్పావు లీటరు చెమట కావాలి. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట గాలి 40 దాటాక ఆ గాలి మనల్ని చల్లబరచదు, తిరిగి వేడెక్కిస్తుంది. పైనుంచి ఎండ, కింద నుంచి తారురోడ్డు సెగ. అన్నీ కలిపితే గంటకు లీటరు నుంచి లీటరున్నర దాకా చెమట పోతుంది. పొట్ట గంటలో పేగుల్లోకి దించగలిగేది మహా అయితే లీటరు. మిగతాది ఒంటి మీద అప్పు, గంట గంటకూ పెరుగుతుంది. ఎన్ని బాటిళ్లు మోసుకెళ్లినా ఈ అప్పు తీరదు, ఎందుకంటే ఇక్కడ అడ్డుపడేది పొట్టే. తీర్చే దారి ఒక్కటే, ఆగి నీడకు చేరడం.

అలవాటు సంగతి. రోజూ గంట, గంటన్నర ఎండలో తేలిగ్గా తొక్కుతూ పోతే 10 నుంచి 14 రోజుల్లో ఒళ్లు మారుతుంది. చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఇది నిజం. అయితే అలవాటైన ఒంటికి చెమట ఎక్కువ గనక నీళ్లూ ఎక్కువే కావాలి. పైన చెప్పిన పొట్ట హద్దు మాత్రం కదలదు. మన కూలీలు, రైతులు ఎండలో పని చెయ్యడం లేదా అని అడిగేవాళ్లు ఆ పని ఏ వేళకు జరుగుతుందో ఒకసారి గమనించాలి. ఎండాకాలం ఉపాధి హామీ పనికి తెల్లవారుజామునే దిగి పొద్దెక్కేలోపు ఇంటికొస్తారు. గొర్రెల కాపరి మిట్టమధ్యాహ్నం మందను చెట్టు కిందకో చెరువు గట్టుకో తోలుతాడు. తలకు తువ్వాలు, చేతిలో అంబలో మజ్జిగో ఉంటాయి. ఈ ఎండ బాగా తెలిసినవాళ్లే దానికి దారి ఇచ్చి తప్పుకుంటారు.

తీరానికీ మెట్టకూ ఉన్న తేడా కూడా ముఖ్యం. ఒంగోలు, సింగరాయకొండ, కావలి వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక చుక్కలుగా కారిపోతుంది, కారిపోయిన చెమట చల్లబరచదు. అక్కడ ఉక్కపోతే మనిషిని హెచ్చరిస్తుంది. పొదిలి, కనిగిరి దాటితే గాలి పొడి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా పొడిగా ఉంటుంది, హాయిగానే ఉన్నట్టనిపిస్తుంది. రెండు గంటల తర్వాత చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు తేలితే గాని ఎంత పోయిందో తెలియదు. అందుకే మెట్టలో దాహం మీద ఆధారపడకూడదు, గడియారం చూసి తాగాలి: పావుగంటకు ఐదారు గుక్కలు, గంటకు ముప్పావు లీటరుకు తగ్గకుండా. ఈ పొడిగాలి వల్ల ఒక మేలు ఉంది. మెడకు తడిగుడ్డ చుట్టుకుంటే, హెల్మెట్ కింద తడిపిన నూలు టోపీ పెట్టుకుంటే అది నిజంగా పని చేస్తుంది. తీరంలో అదే గుడ్డ బరువు తప్ప ఇంకేమీ కాదు.

గాలి గురించి ఇంకొంచెం చెప్పాలి. మే, జూన్‌లలో పడమటి గాలి నల్లమల, వెలిగొండల మీదుగా దిగి మన జిల్లాల మీద నిప్పులా కొడుతుంది. మిగతా రాష్ట్రం చల్లబడ్డాక కూడా నెల్లూరు, ఒంగోలులో జూన్ ఎండలు తగ్గకపోవడానికి కారణం ఇదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో ఒంగోలు నుంచి పడమరకు తొక్కితే దారి పొడుగునా ఎదురుగాలి, అదీ వడగాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఈశాన్యం నుంచో తూర్పు నుంచో వీస్తుంది, పడమరకు పోయేవాళ్లకు వెనక నుంచి తోడు. ఈ దారికి పుష్య, మాఘ మాసాలే సరైనవి.

కానీ వెనకగాలిలో చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు వెనక నుంచి గాలి కూడా 8 తో వీస్తే ఒంటికి తగిలే గాలి సున్నా. చెమట ఆరదు, ఒంట్లో వేడి పెరుగుతూనే ఉంటుంది. వడదెబ్బ తగిలేది ఎదురుగాలిలో తిట్టుకుంటూ తొక్కేటప్పుడు కంటే ఇలా ఊపిరాడని ఎక్కుడు మీదే ఎక్కువ. అలాంటి చోట వేగం కోసం చూడకుండా తేలిక గేరు వేసుకోవాలి, నీడ కనబడ్డ ప్రతిచోటా రెండు నిమిషాలు నిలబడాలి.

ఇప్పుడు టైము లెక్క. ఆడాక్స్ పద్ధతి బ్రెవేలలో, అంటే పోటీ లేకుండా గడువులోపు దూరం పూర్తి చేసే సైకిల్ ప్రయాణాల్లో, 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300 కు 20 గంటలు, 400 కు 27, 600 కు 40 గంటలు గడువు. గంటకు 22 తో తొక్కితే 200 కిలోమీటర్లు 9 గంటల పైచిలుకులో అయిపోతాయి. చేతిలో నాలుగు గంటలకు పైగా మిగులుతుంది. సొంతంగా పోయేవాళ్లు ఆ నాలుగు గంటలూ ఒకేచోట, మార్కాపురంలోనో కంభంలోనో, నీడ పట్టున గడపొచ్చు. బ్రెవేలో మాత్రం మధ్య కంట్రోళ్లకు, అంటే దారిలో హాజరు వేయించుకునే చోట్లకు కూడా గడువుంటుంది, అది గంటకు 15 చొప్పున నడుస్తుంది. 110వ కిలోమీటరుకు 5 గంటల్లో చేరితే అక్కడి గడువు 7 గంటల 20 నిమిషాలు, మిగిలేది 2 గంటల 20 నిమిషాలే. పొద్దున 5 కు బయల్దేరినవాళ్లు 10 కు అక్కడ చేరి, ఆగగలిగినంతా ఆగి, పన్నెండున్నర లోపు మళ్లీ ఎండలోకి దిగాల్సిందే. రోజులో అంతకన్నా చెడ్డ వేళ లేదు. కాబట్టి మార్చిలో ఈ దారుల మీద 200 పెట్టేవాళ్లు బయల్దేరే సమయాన్ని తెల్లవారుజాము 2 కు మార్చాలి. గంట ఆగుళ్లకు పోయినా మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు పని ముగుస్తుంది, అదీ చివరి గంట మాత్రమే ఎండలో. ఏప్రిల్, మే నెలల్లో అసలు పెట్టకూడదు. అలవాటుగా 6 గంటలకు జెండా ఊపడంలో ఏ సౌకర్యం ఉందో గాని, తొక్కేవాళ్ల ఒళ్లు దానికి మూల్యం చెల్లిస్తుంది.

చీకట్లో తొక్కడానికి ముందు రెండు లైట్లు, వెనక రెండు, మెరిసే జాకెట్ ఉండాలి. ఒక లైటు చార్జింగ్ అయిపోతే రెండోది ఉండాలని రెండు చెప్పడం. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరుగుతాయి, రోడ్డు అంచున రాతిముక్కలు రాలి ఉంటాయి. ఇంకొక సంగతి: కోతల కాలంలో పల్లెల దగ్గర కందులో ఇంకో పంటో రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. గింజలు ఎత్తుకెళ్లాక కూడా ఆ రాళ్లు ఒక్కోసారి అక్కడే ఉంటాయి. ఊరి పొలిమేర కనబడగానే వేగం తగ్గించి రోడ్డు మధ్యకు జరగడం మంచిది.

నీళ్ల విషయంలో లీటర్లు ఎంత ముఖ్యమో ఉప్పు అంతే ముఖ్యం. లీటరు చెమటతో అర గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా సోడియం పోతుంది. వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుస్తుంది, తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. నీళ్లు చాలలేదనుకుని పక్కవాళ్లు ఇంకా నీళ్లు పట్టిస్తే పరిస్థితి చేయి దాటుతుంది. ఒక బాటిల్‌లో వట్టి నీళ్లు, ఇంకొకదాంట్లో ఉప్పు నీళ్లు పెట్టుకుని మార్చి మార్చి తాగండి. లీటరు నీళ్లకు పావు చెంచా ఉప్పు, రెండు చెంచాల చక్కెర, అర నిమ్మకాయ సరిపోతుంది. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న బాటిల్‌లో మొత్తం కుమ్మరిస్తే నీరు చిక్కబడి పొట్టలో నిలిచిపోతుంది, వికారం పుడుతుంది. ఊళ్లో ఉప్పేసిన మజ్జిగ దొరికితే దానికి మించింది లేదు. బీపీ మందులు వాడేవాళ్లు ఈ ఉప్పు లెక్కను డాక్టరుతో ముందు మాట్లాడుకోవాలి.

రెండు ముప్పావు లీటరు బాటిళ్లు సైకిల్ మీద, ఇంకో లీటరున్నర సంచిలో ఉంటే పొదిలి నుంచి మార్కాపురం దాకా సుమారు 45 కిలోమీటర్లు చల్లటి వేళలో నిశ్చింతగా పోవచ్చు. కనిగిరి చుట్టుపక్కల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకుంటే 1.5 దాకా అని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. కాచినా ఫ్లోరైడ్ పోదు. ఒక్కరోజు తాగినంత మాత్రాన ఫ్లోరోసిస్ రాదు, అది ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వచ్చే బాధ. అయినా ఉప్పటి బోరు నీరు పొట్టను తిప్పుతుంది గనక తాగడానికి ప్లాంటు నీళ్లు పట్టుకోండి, తల మీద పోసుకోవడానికి, గుడ్డ తడుపుకోవడానికి బోరు నీళ్లు వాడండి. ఆ పల్లెల్లో ప్లాంటు నీళ్లు క్యాన్ల లెక్కన డబ్బిచ్చి కొనుక్కుంటారు. వాళ్లు తాగడానికి దాచుకున్న నీళ్లతో మనం తల తడుపుకోవడం న్యాయం కాదు.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గంటకు 60 గ్రాముల పిండి పదార్థం చాలు. పొద్దున హోటల్లో ఇడ్లీలు తినండి, గారెలు, పూరీలు వద్దు. దారిలో అరటిపండ్లు, ఖర్జూరాలు, బెల్లం ముక్కలు. వేరుశనగ చిక్కీ శక్తినిస్తుంది గాని కొవ్వు ఎక్కువ, ఎక్కుడుకు ముందు తింటే బరువుగా కూర్చుంటుంది. మధ్యాహ్నం ఆగినచోట పెరుగన్నం.

గేర్ల గురించి పౌరుషం వదిలెయ్యాలి. 70 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్, 4 కిలోల సామాను, మొత్తం 86 కిలోలు అనుకుందాం. 8 శాతం ఎక్కుడు మీద ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లతో నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే దాదాపు 185 వాట్లు కావాలి. వెనక 34 పళ్లుంటే అదే 60 చుట్లకు 153 వాట్లు సరిపోతాయి. తేడా 30 వాట్లేగా అనిపిస్తుంది. కానీ ఆ 30 వాట్ల వెనక ఒంట్లో పుట్టే వేడి 100 వాట్లకు పైగా తగ్గుతుంది. ఎండలో పెద్ద క్యాసెట్ (వెనక చక్రం పళ్లచక్రాల గుత్తి) బలహీనుల సామాను కాదు, ఒంటిని చల్లగా ఉంచే పరికరం. ముందు 44, వెనక 18 పళ్లున్న మామూలు సైకిల్‌కు పెడలు ఒక చుట్టుకు అయిదు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. అలాంటి సైకిల్ మీద కొండ ఎదురైతే దిగి నెట్టుకుంటూ నడవడంలో తప్పేమీ లేదు, అదే తెలివైన పని.

ఈ దారుల్లో సైకిల్‌ను ఆపేది ఎక్కువగా ముల్లే. రోడ్డు అంచున పల్లేరు కాయలు, దాని పక్కనే సర్కారు తుమ్మ. పల్లేరు కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. టీ తాగడానికి ఆగి సైకిల్‌ను మట్టిలోకి దింపినప్పుడే ఎక్కువ పంక్చర్లు పడతాయి. తారు మీద నుంచి దించాల్సి వస్తే సైకిల్ ఎత్తి పట్టుకుని నడవండి, మళ్లీ ఎక్కేముందు రెండు టైర్లూ చేత్తో తడిమి చూడండి. తుమ్మముల్లు ఇంకా మొండిది. టైరులో విరిగి కొన లోపలే ఉండిపోతుంది, ట్యూబు మార్చిన పది నిమిషాలకు మళ్లీ గాలి పోతుంది. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు పక్కనే వచ్చేలా ఎక్కించుకుంటే, ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూసి టైరులో ముల్లు ఎక్కడుందో ఇట్టే పట్టుకోవచ్చు. దూది ముక్కతో టైరు లోపల చుట్టూ రాయండి. ముల్లు కొన ఉంటే దూది పీచు పట్టుకుంటుంది. వేళ్లతో రాస్తే గుచ్చుకుంటుంది, అయినా చిన్నది దొరక్కపోవచ్చు.

ప్యాచ్ వేసేటప్పుడు ట్యూబు నీడలో ఉండాలి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. ఎండలో కాలిన ట్యూబు మీద రాస్తే పైపైన ఆరి లోపల అతకదు. మామూలు ట్యూబులు వాడేవాళ్లు మూడు ట్యూబులు, ఎనిమిది ప్యాచీలు, కొత్త సొల్యూషన్ ట్యూబు ఉంచుకోండి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ మన ఎండలకు కొన్ని వారాల్లో గడ్డకడుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లు ఈ ముళ్లకు బాగా నిలబడతాయి, నేనైతే అవే మంచివంటాను. కాకపోతే లోపలి సీలంట్ (రంధ్రాలను పూడ్చే ద్రవం) రెండు మూడు నెలలకు ఎండిపోతుంది, ప్రయాణానికి వారం ముందు తీసి చూసి 32 మిల్లీమీటర్ల టైరుకు 40 నుంచి 60 మిల్లీలీటర్లు పొయ్యాలి. పంపు మరవొద్దు. ప్రెస్టా వాల్వు (రోడ్డు సైకిళ్లకుండే సన్నటి వాల్వు) ఉన్నవాళ్లు ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ వాల్వుకే బిగించి ఉంచుకుంటే దారిలో ఏ మోటార్‌సైకిల్ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టుకోవచ్చు. పొద్దున చల్లటి వేళ 80 పీఎస్‌ఐ పెట్టిన టైరు మధ్యాహ్నం రోడ్డు సెగకు 90 దాకా పోవచ్చు. అందుకే తెల్లవారుజామున ఐదారు పీఎస్‌ఐ తక్కువే పెట్టండి. ఆగినప్పుడు సైకిల్‌ను ఎండలో వదలకండి.

దోర్నాల దాటాక లెక్కలు మారతాయి. ముందు సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపేస్తారు. సైకిళ్లను ఆ రోజుల్లో పంపుతున్నారో లేదో ముందురోజే అటవీ చెక్‌పోస్టులో అడిగి తెలుసుకోవాలి. ఇక్కడే నా వాదన పూర్తిగా తేలుతుంది. ఒంగోలులో తెల్లవారుజామున 4 కు బయల్దేరినవాళ్లు దోర్నాల చేరేసరికి పది, పదకొండు అవుతుంది. ఘాటు సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి తగులుతుంది. జనవరిలో అది భరించగలిగిన కష్టం, మార్చిలో కాదు. చలికాలం దాటాక పోయేవాళ్లు ముందురోజు సాయంత్రం మార్కాపురం దాకా తొక్కి పడుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బయల్దేరితే 6 కు దోర్నాల గేటు తీసేసరికి అక్కడుంటారు, ఎండ ముదిరేలోపు కొండ మీదుంటారు. ఒకే రోజులో 175 చేశామని చెప్పుకోవడం పోతుంది, అంతే. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు దిగువమెట్ట ఘాటుకైనా, రాపూరు నుంచి చిట్వేలు వైపు వెలిగొండ ఘాటుకైనా ఇదే పద్ధతి: కొండ కింద పడుకుని తెల్లారుతూనే ఎక్కడం.

అడవిలో కోతులు ఎక్కువ, తినేది బయటికి తియ్యొద్దు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ కాలి ట్యూబు పేలొచ్చు. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యాలి. రెండు బ్రేకులూ మార్చి మార్చి వాడాలి.

ఎప్పుడు మానుకోవాలన్నది కూడా బయల్దేరే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఎండ తలకెక్కినవాడు సరిగా ఆలోచించలేడు. నాలుగు గంటలుగా మూత్రం రాకపోయినా, నీడన పది నిమిషాలు కూర్చున్నాక కూడా గుండె దడ దిగకపోయినా, మండుటెండలో చలి పుట్టి రోమాలు నిక్కబొడుచుకున్నా ఆ రోజుకు సైకిల్ దిగాల్సిందే. మాట తడబడినా, తూలినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని తోసిపుచ్చొద్దు, తొక్కేవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. 108 కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఊరుకోకుండా ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు. పొదిలిలో అయితే ఒంగోలు బస్సు దొరుకుతుంది, సైకిల్ పైన వెయ్యనిస్తారేమో కండక్టరును అడగాలి. మార్కాపురంలో అయితే బస్సుతో పాటు గుంటూరు-నంద్యాల లైను మీద మార్కాపూర్ రోడ్ స్టేషను ఉంది. దోర్నాల గేటు దాటాక మధ్యలో ఆగడానికి చెప్పుకోదగ్గ ఊరు లేదు గనక, ముందుకా వెనక్కా అన్నది ఆ గేటు ఇవతలే నీడన కూర్చుని, బాటిళ్లు నింపుకుని, గడియారం చూసి నిర్ణయించుకోవాలి.